రూట్ షెల్లూ, నా సగం పాస్‌వర్డూ

ఆ యంత్రం పాస్‌వర్డ్‌లో నాకు తెలిసింది సగమే. తక్కిన సగం ఎమ్మిగనూరులో ఉండే ఒక మనిషికి తెలుసు. ఇద్దరం ఒకే గదిలో ఉంటే తప్ప ఆ యంత్రం లోపలి తలుపు తెరుచుకోదు. ఏడేళ్ళు అలాగే జరిగిందని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ గొప్పగా చెప్పుకునేదాన్ని.

మాది ఆదోని. ఒక జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ల పని నాది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజలు తీసి, దూదిని బేళ్ళుగా నొక్కి పంపే మిల్లు. మా మిల్లు యజమాని సేటుకు ఎమ్మిగనూరులో ఇంకో మిల్లు ఉంది. రెండు మిల్లుల తూకాలూ, ఏ లాటు ఏ రైతుదో, ఏ బేలు ఏ లాటులోంచి వచ్చిందో ఆ వివరమంతా ఆదోని ఆఫీసు వెనక చిన్న గదిలో ఉన్న యూనిక్స్ యంత్రంలో ఉంటుంది. ఆ గదికి ఏసీ ఉంది కాబట్టి ఎండాకాలంలో గుమాస్తాలందరికీ యంత్రం ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది. మిగతా కాలమంతా దాని బాగోగులు నావే.

మా మిల్లులో బేళ్ళ గోడౌనుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి గుమాస్తా దగ్గర, రెండోది హమాలీల మేస్త్రి దగ్గర ఉంటాయి. ఇద్దరూ వచ్చి నిలబడితేనే తలుపు తెరుస్తారు. సేటు తాత నాటి పద్ధతి అది. నేను చేరిన ఏడాదే ఈ యంత్రం కొన్నారు. సేటు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి రెండో తాళం యాడుంది?" అని అడిగాడు. లేదంటే ఆయనకు రుచించలేదు. రూట్ అని ఒక ఖాతా ఉంటుందనీ, ఆ పేరుతో లోపలికి వెళ్ళినవాళ్ళకు అడ్డూ అదుపూ ఉండదనీ, ఏది కావాలంటే అది మార్చగలరు, చెరిపేయగలరనీ చెప్పేసరికి మరీ బెంగపడ్డాడు. చివరికి రూట్ పాస్‌వర్డ్‌నే రెండు ముక్కలు చేశాం. మొదటి సగం ఎమ్మిగనూరులో ఉండే మా అన్నది, రెండో సగం నాది. రోజువారీ పనికి మా మామూలు ఖాతాలు సరిపోతాయి, అన్న తన ఖాతాలోకి ఎమ్మిగనూరు నుంచే లైను మీద వెళ్ళేవాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా, డిస్కులు సర్దాలన్నా మాత్రం రూట్ కావాలి.

అన్న అంటే నా సొంత అన్న కాదు. పెద్దకడుబూరు దగ్గర పల్లెలో రైతుల ఇంట్లో పుట్టినవాడు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, ఎమ్మిగనూరు మిల్లులో కంప్యూటర్లు చూసేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. కోర్సు చదివి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన రోజున నాకు తెలిసిందల్లా మౌస్‌తో బొమ్మల మీద నొక్కడం. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి యంత్రంతో పని చేయించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మేము దూదేకులవాళ్ళం. మా నాయన ఇల్లిల్లూ తిరిగి పరుపులు కుట్టేవాడు. "పరుపులు కుట్టేవాళ్ళ పిల్ల దూది మిల్లుకు కాకుంటే ఇంగ యాడికి పోతాది సేటూ, తీసుకోండి" అని నా తరఫున మాట్లాడింది కూడా ఆయనే. నన్ను పాపా అని పిలిచేవాడు. మా వైపు చిన్న చెల్లెలిని అలాగే పిలుస్తారు.

నెలకొక ఆదివారం, మిల్లు ఆడని రోజు, ఆయన ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సులో వచ్చేవాడు. వస్తూ వస్తూ బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని తెచ్చేవాడు. తింటూ ఎవరింటి సంగతులు వాళ్ళం చెప్పుకునేవాళ్ళం. తర్వాత కీబోర్డుకు నూనె అంటకుండా సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోవాలి. అప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని మొదటి సగం కొట్టి లేస్తాడు. నేను కూర్చుని రెండో సగం కొట్టి ఎంటర్ నొక్కుతాను. యూనిక్స్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు. చూడాలనుకున్నవాళ్ళు వేళ్ళనే చూడాలి. అందుకని ఒకరు కొడుతుంటే రెండోవాళ్ళు కీబోర్డు కనబడకుండా ఎడమ గోడవైపు తిరగాలని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం పెట్టింది ఆయనే.

ఎడమ గోడకు మొదట్లో ఒక గడియారం ఉండేది. ఒక ఆదివారం నేను అటు తిరిగి నిలబడి ఉండగా గడియారం అద్దంలో ఆయన వేళ్ళు కనబడ్డాయి. ఏ అక్షరం మీద పడుతున్నాయో కూడా తెలుస్తోంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన లేచాక సంగతి చెప్పి, స్టూలు వేసుకుని గడియారం దించి, ఆ మేకుకు విత్తనాల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ తగిలించాను. ఆయన కాసేపు నన్నే చూసి, "నీ అంత నీతి నాకు ల్యేదు పాపా" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని పొంగిపోయాను. ఇంటికి వెళ్ళి మా నాయనకు కూడా చెప్పాను.

ఇక షెల్ సంగతి చెప్పాలి. గొడవంతా దాని దగ్గరే బయటపడింది కాబట్టి.

లోపలికి వెళ్ళాక మనం కొట్టిన మాటను అందుకుని యంత్రం చేత పని చేయించేదే షెల్. యంత్రంతో పాటు వచ్చే పాత షెల్ ఒకటి ఉంటుంది. చిన్నది, మోటుది, దానికి ఎవరి తోడూ అక్కర్లేదు. బయటినుంచి తెచ్చి ఎక్కించుకునే కొత్త షెల్ ఇంకోటి ఉంది. దానితో పని సుఖం. పేరు మొదట్లో నాలుగు అక్షరాలు కొడితే మిగతావి తనే పూర్తి చేస్తుంది. బాణం మీట నొక్కితే ఇంతకుముందు కొట్టినవన్నీ వరసగా తెచ్చి చూపిస్తుంది. నా సొంత ఖాతాకు దాన్నే పెట్టుకున్నాను. చేరిన రెండో ఏట, రూట్‌కు కూడా అదే పెట్టేద్దామని అన్నను అడిగాను.

ఆయనకు అంత కోపం రావడం నేను అదివరకు చూడలేదు. టీ తెచ్చిన గుమాస్తా ఎదుటే తిట్లు అందుకున్నాడు.

"రూటు షెల్ జోలికి పోవద్దు. నువ్వు సెప్పే షెల్ యాడుంటాది? బయటినుంచి తెచ్చి ఎక్కించినేటివన్నీ ఉండే సోట ఉంటాది. దానికి ఇంగా రెండు మూడు లైబ్రరీ ఫైళ్ళు తోడు కావల్ల. ఒకదినం ఆ ఫైళ్ళలో ఒకటి సెడిపోతాది. ఆ పొద్దు నువ్వు రూటుగా పోదామని పాస్‌వర్డు కొడతావు. పాస్‌వర్డు సరే అంటాది, షెల్ మాత్రం లేయదు. నిన్ను బయటికి నూకేస్తాది. బాగు సేసేటోళ్ళే లోపలికి పోలేకుంటే ఇంగ ఎవరు బాగు సేస్తారు, సెప్పు?"

"మరి ఆ మోటుదాంతోనే పన్జేయల్లనా అన్నా?"

"ఎవరొద్దన్న్యారు? లోపలికి పోయినాంక కొత్తదాని పేరు కొట్టు. నాలుగే అక్షరాలు. లేస్తాది. పనైనాంక మూసెయ్. గడపకాడ మాత్రం పాతదే ఉండల్ల."

నాకు మొహం చిన్నబోయింది గానీ, మాట మనసుకు ఎక్కింది. ఆ రోజు నుంచీ నెలనెలా అదే వరస. ఆయన సగం, నా సగం, ఎంటర్. పాత షెల్ వరస మొదట్లో తన గుర్తు చూపిస్తుంది, ఏ షెల్ లేచిందో ఆ గుర్తును బట్టే తెలుస్తుంది. ఆయన కూర్చుని నాలుగు అక్షరాలు కొడతాడు, కొత్త షెల్ లేస్తుంది. నేను పక్కన నిలబడి నోటుబుక్కులోంచి చేయాల్సిన పనులు ఒక్కొక్కటే చదువుతాను, ఆయన చేస్తాడు. ఇప్పటికీ కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు రూట్ షెల్ మార్చుకోవచ్చా అని నన్ను అడిగితే, ఆయన చెప్పిన మాటలే చెబుతాను. వద్దు, గడప దగ్గర పాతదే ఉండనివ్వండి అంటాను. ఆ మాట తప్పు కాదు. చెప్పిన మనిషి సంగతే వేరు.

మా నాయనది ఒక పద్ధతి ఉండేది. పరుపుకు దూది ఏకడం, నింపడం, కుట్టడం అంతా కుట్టించుకునేవాళ్ళ వాకిట్లోనే, వాళ్ళ కళ్ళ ముందే చేసేవాడు. ఇంటికి తీసుకెళ్ళి కుట్టి తెస్తే లోపల పాత దూది కలిపాడేమోనని వాళ్ళు జీవితాంతం అనుమానంతో పడుకోవాలి అనేవాడు. ఎండలో కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, దూదేకే విల్లు మీటుతూ రోజంతా అక్కడే ఉండేవాడు. అన్నా నేనూ గోడకు తిరిగి పాస్‌వర్డ్ కొట్టుకోవడం గురించి చెప్పినప్పుడు మా నాయనకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ మనిషిని ఒకసారి భోజనానికి పిలువమన్నాడు. ఆ రంజాన్‌కు వచ్చాడు కూడా. మా అమ్మ చేసిన సేమ్యా రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

మూడేళ్ళ కిందట మా నాయన పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యేదాకా నేను మిల్లుకు వెళ్ళలేదు. ఆ నెల ఆదివారం తప్పిపోయింది. అన్న మా ఇంటికి వచ్చి, వాకిట్లో గోడకు ఆనించి ఉన్న విల్లు పక్కన కూర్చున్నాడు. లేచేటప్పుడు, "పని గురించి మనసులో పెట్టుకోవద్దు పాపా. నువ్వు వచ్చేదాంక యంత్రం ఎదురుసూస్తాది" అన్నాడు. ఆ దుఃఖంలో ఎంతోమంది ఎన్నో మాటలు చెప్పారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఇదొక్కటే. నేను లేకుండా తెరుచుకోని తలుపు ఒకటి ఈ ఊళ్ళో ఉందని అనిపించి, ఎందుకో ధైర్యం వచ్చింది.

ఇక గొడవ బయటపడిన ఆదివారం. కిందటి పత్తి సీజన్ మంచి జోరులో ఉంది. సోమవారం పొద్దున ఏడింటికల్లా ఆస్పరి వైపు నుంచి, పెద్దకడుబూరు వైపు నుంచి ట్రాక్టర్లు మిల్లు గేటు ముందు వరసకట్టి ఉంటాయి. యంత్రం లేకపోతే తూకం చీటీలు చేత్తో రాయాలి, లాట్లు కలిసిపోతాయి. అలాంటి రోజుల్లో యంత్రాన్ని కదిలించడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక అప్‌డేట్ తప్పనిసరి అయింది. ఉగ్గాని తిన్నాం, చేతులు కడుక్కున్నాం, సగం సగం కొట్టాం, మొదలుపెట్టాం.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ముసలివైపోయాయని నేను ఆరు నెలలుగా చెబుతూనే ఉన్నాను, ఎవరి చెవికీ ఎక్కలేదు. యంత్రం టక్కున ఆగిపోయింది. అరగంటకు కరెంటు వచ్చాక లేపితే మామూలుగానే లేచింది. హమ్మయ్య అనుకున్నాం. ఆయన సగం కొట్టాడు, నేను సగం కొట్టి ఎంటర్ నొక్కాను.

పాస్‌వర్డ్ సరిపోయింది. షెల్ లేవలేదు. ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదని తెర మీద ఒక్క వరస పడింది. మరుక్షణం మళ్ళీ పేరు అడిగే చోటికి తెచ్చి నిలబెట్టింది.

"కరెంటు పాయె గదా, ఏదో అరాకొరా ఎక్కింటాది," అన్నాడు అన్న. "ఇంగోసారి కొడదాం."

ఇంకోసారి కొట్టాం. మళ్ళీ అదే వరస. ఈసారి దాన్ని పూర్తిగా చదివాను. దొరకని ఫైలును అడుగుతున్నది ఏ షెల్లో, అది ఎక్కడ ఉందో ఆ వరసలోనే ఉంది. అది కొత్త షెల్. బయటినుంచి తెచ్చినవి ఉండే చోట ఉన్న షెల్. రూట్ గడప దగ్గర ఉండాల్సింది అది కాదు.

నేను ఆ వరసను నాలుగైదుసార్లు చదివి ఉంటాను. రూట్ షెల్ మార్చాలంటే రూట్‌గా లోపలికి వెళ్ళాలి. రూట్‌గా వెళ్ళాలంటే నా సగం కావాలి. నేను ఎప్పుడూ మార్చలేదు. మేమిద్దరం కలిసి మార్చలేదు. లెక్కకు మిగిలింది ఒక్క మనిషి. ఆ మనిషి నా వెనకే నిలబడి ఉన్నాడు.

"అన్నా, రూటుకు ఈ షెల్ ఎప్పుడొచ్చె?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. "ముందు దీన్ని లేపుదాం పాపా. పొద్దున్నే బండ్లు వస్తాయి" అన్నాడు.

లేపాం. యంత్రాన్ని ఆపి, ఒక్క మనిషి మరమ్మతు చేసుకునే పద్ధతిలో లేపితే, పాస్‌వర్డ్ అడిగిన తర్వాత ఏ షెల్ కావాలని అడుగుతుంది. ఊరికే ఎంటర్ కొడితే పాత షెల్‌నే ఇస్తుంది. అందుకోసం మళ్ళీ సగం సగం కొట్టాల్సి వచ్చింది. ఆయన కొడుతుంటే నేను మళ్ళీ ఎడమ గోడకు తిరిగాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆయన ఇన్నాళ్ళూ వద్దనుకున్న ఆ పాత మోటు షెల్లే మమ్మల్ని లోపలికి రానిచ్చింది. పాడైన ఫైళ్ళు మళ్ళీ ఎక్కించాం. రూట్ షెల్‌ను పాతదానికి మార్చాం. యంత్రం మామూలుగా లేచేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ తర్వాత నేను కుర్చీ ఇవ్వలేదు. ఎవరు ఏ ఖాతా నుంచి ఎప్పుడు రూట్‌గా మారారో యంత్రం ఒక ఫైలులో రాసిపెట్టుకుంటుంది. అన్నీ సజావుగా ఉన్న ఇంట్లో ఎవరూ అలమర వెనక చూడరు, నేనూ ఆ ఫైలును ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచాను. అన్న ఖాతా, రూట్. అన్న ఖాతా, రూట్. ఎమ్మిగనూరు నుంచి. నోటుబుక్కులో నేను రాసుకున్న ఆదివారాలు ఆ జాబితాలో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. మంగళవారాలు, గురువారాలు, సీజన్లో ఐతే దాదాపు రోజూ. కొన్నాళ్ళు రోజుకు రెండుసార్లు.

అప్పుడు నాకు షెల్ ఎందుకు మారిందో అర్థమైంది. నెలకొకసారి నాలుగు అక్షరాలు కొట్టడం ఎవరికీ బరువు కాదు. రోజూ వెళ్ళేవాడికే విసుగు పుడుతుంది. ఆ విసుగుతో మార్చేసుకున్నాడు. మార్చుకుని, నాకు తెలియకుండా గడప దగ్గర పాత షెల్ గుర్తే కనబడేటట్టు దిద్దిపెట్టాడు. అంతటితో ఆగలేదు. నెలనెలా నా ఎదుట కూర్చుని, అవసరమే లేని ఆ నాలుగు అక్షరాలూ కొడుతూ వచ్చాడు. నేను నోటుబుక్కు పట్టుకుని పక్కన నిలబడి, మా అన్న ఎంత నియమంగా ఉంటాడో చూడు అనుకుంటూ వచ్చాను.

"నా సగం నీకెట్ల తెలుసు?"

"ఎప్పుడో తెలిసె పాపా."

"ఎప్పుడు?"

"మొదట్లోనే."

"గడియారం దించినానే, అప్పటికి తెలుసునా?"

ఆయన తలుపువైపు చూశాడు. "అప్పటికే తెలుసు" అన్నాడు.

ఆ స్టూలు ఎక్కినప్పుడు దాని ఒక కాలు ఊగుతుంటే పడిపోకుండా పట్టుకున్నది ఆయనే. అది గుర్తొచ్చి నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని పంతంగా తెరవైపే చూస్తూ కూర్చున్నాను.

"సేటుకు తెల్సా?"

"తెలుసు. సేటే అడిగినాడు. ఇద్దరిలో ఒకరికి జొరమొస్తే మిల్లు ఆగిపోవల్లనా అన్న్యాడు. గోడౌను తాళం పగలగొట్టొచ్చు, దీన్ని పగలగొట్టల్యాము గదా. ఎవరో ఒకరికి మొత్తం తెలిసుండల్ల అన్న్యాడు. ఆ మాటలో తప్పేముంది సెప్పు."

తప్పేమీ లేదు. ఆ మాట నాకు చెప్పి ఉంటే నా సగాన్ని ఒక కాగితం మీద రాసి నేనే ఆయన చేతిలో పెట్టేదాన్ని. రెండు తాళాల పద్ధతి అందరూ కలిసి వదిలేసి, నా ఒక్కదానికోసం నడిపించారు. పండగపూట పిల్లలకు ఉత్త గ్లాసులో పాలు పోసినట్టు నటించి తాగించే ఆట ఉంటుంది చూడండి, ఏడేళ్ళు నా చేత అది ఆడించారు.

ఇంకొక్కటి అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"మా నాయన పోయినప్పుడు?"

"ఆ వారం డిస్కు నిండిపాయె పాపా. తూకాలు నిలబడిపాయె. నిన్నెట్ల పిలుస్తా, ఆ బాధలో ఉంటివి. మీ ఇంటికి వచ్చింది కూడా ఆ పొద్దే. పొద్దున యంత్రం సూసుకోని, అట్లనే మీ ఇంటికి వచ్చినా."

పొద్దున నా సగం కొట్టి, అట్నుంచి అటే వచ్చి మా నాయన విల్లు పక్కన కూర్చుని, యంత్రం నీకోసం ఎదురుచూస్తుందని చెప్పాడు. ఆయన లెక్కలో అది దయ. నిజంగానే దయతోనే అని ఉంటాడు, అందులో నాకు అనుమానం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. దొంగ ఐతే తిట్టి పోయేదాన్ని. ఇంత మంచివాణ్ణి ఎట్లా తిట్టాలో నాకు తెలియలేదు. పిలిచి ఉంటే వచ్చేదాన్ని. ఆ నలభై రోజుల్లో నన్ను ఎవరైనా పనికి పిలిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో ఆయనకు ఏం తెలుసు.

"ఆ గుర్తు ఎందుకు పాతదే పెట్టినావు?" అని అడిగాను చివరికి.

"సూస్తే నీకు తెలిసిపోతాది. బాధపడతావని."

పొట్లంలో మిగిలిన రెండు బజ్జీలు మెత్తబడిపోయి ఉన్నాయి. ఆయన వాటిని కాగితంలో చుట్టి, ఎక్కడ పడేయాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు.

"జరిగిందేదో జరిగిపాయె," అన్నాడు. "పాస్‌వర్డు కొత్తది పెట్టుకుందాం పాపా. మళ్ళా సగం సగమే. నా మీద ఒట్టు, ఈసారి సేటు సెప్పినా నీ సగం జోలికి రాను. ముందు నీ సగమే కొట్టు."

నాకు నమ్మాలనే ఉంది. అది దాచుకోను. ఏడేళ్ళ అలవాటు, ఆదివారాల ఉగ్గాని, నేర్చుకున్న విద్యంతా ఒక మధ్యాహ్నంలో తీసి పారేయడం ఎవరి వల్ల అవుతుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టే ఆజ్ఞ కొట్టాను. కొత్తది చెప్పమని యంత్రం అడిగింది. నా సగాన్ని మనసులో అప్పటికప్పుడు తయారు చేసుకున్నాను. మా నాయన పేరులోని అక్షరాలు కొన్ని, ఆయన పోయిన రోజు అంకెలు కొన్ని. వేళ్ళు మీటల మీద పెట్టి ఆగాను. ఆయన నా కుర్చీ వెనకే ఉన్నాడు.

"తిరుగన్నా" అన్నాను.

"ఆ, ఆ" అంటూ ఆయన తిరగబోయాడు. మొదట వెనక్కి తిరిగితే యంత్రం పెట్టిన ఇనుప రాక్ ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. కుడివైపు తిరిగితే తలుపు, దానికి ఉన్న అద్దంలో నేనూ కీబోర్డూ కనబడుతున్నాం. బజ్జీల పొట్లం చేతిలో పట్టుకుని, ఆ ఇరుకులో ఒకసారి అటూ ఒకసారి ఇటూ కదిలాడు. నేను ఏళ్ళ తరబడి నెలనెలా చూసిన క్యాలెండర్, ఆయన నియమం పెట్టిన ఎడమ గోడకు అట్లాగే వేలాడుతోంది.

"ఎటు తిరగల్ల పాపా?" అని అడిగాడు.

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను.